పిచ్చి అక్షరాలు పెట్టిన పరీక్ష

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేటతో పాటు ఇటు వచ్చి కలిసింది. ఈ కథ నాటికి మాత్రం అది నెల్లూరు జిల్లా. 1993 సెప్టెంబరు 20న అక్కడినుంచి పీఎస్ఎల్‌వీ తొలిసారి నింగికి లేచింది. 44 మీటర్ల పొడవు, నాలుగు అంచెలు, ముక్కు భాగంలో ఐఆర్ఎస్-1ఈ అనే ఉపగ్రహం. మొదటి అంచె బాగానే మండింది, రెండోదీ బాగానే మండింది. రెండోది ఊడిపోయి మూడోది అందుకోవలసిన సమయంలో రాకెట్టు అనుకున్నదానికంటే గట్టిగా కుదుపుకు లోనైంది. అలాంటప్పుడు దారి సరిచేయడం లోపలున్న కంప్యూటరు పని. అది చేయలేకపోయింది. పీఎస్ఎల్‌వీ ఉపగ్రహంతో సహా బంగాళాఖాతంలో కూలిపోయింది.

ఇస్రో ఇంజినీర్లు లెక్కలన్నీ తిరగేశారు. ముఖ్యమైన తప్పు ప్రోగ్రాములో దొరికింది. రాకెట్టు ముక్కును పైకీ కిందికీ తిప్పే నియంత్రణ భాగంలో, ఆదేశం విలువ నిర్ణయించిన గరిష్ఠ హద్దును దాటితేనే బయటపడే పొరపాటు అది. హద్దులో ఉన్నంతసేపూ ప్రోగ్రాము నిక్షేపంలా నడుస్తుంది. కుదుపు పెద్దదై ఆదేశం హద్దు దాటిన ఆ ఒక్క సందర్భంలో కొంప మునిగింది. దాన్ని సరిచేసుకుని 1994 అక్టోబరు 15న మళ్లీ ప్రయోగిస్తే పీఎస్ఎల్‌వీ ఐఆర్ఎస్-పీ2ను చక్కగా కక్ష్యలో పెట్టింది. తర్వాత చంద్రయాన్-1నీ మంగళయాన్‌నీ మోసుకెళ్లింది ఈ రాకెట్ కుటుంబమే.

ఇది మన ఒక్కరికే జరిగిందనుకోకండి. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్-5 తొలి ప్రయోగంలో నిమిషం కూడా నిండకుండానే పేలిపోయింది. 64 బిట్ల అంకెను 16 బిట్ల చోటులో కుక్కబోతే పట్టలేదు. పాత ఏరియన్-4లో ఆ అంకె ఎప్పుడూ అంత పెద్దది కాలేదు కనక ఆ తప్పు ఏళ్ల తరబడి హాయిగా నిద్రపోయింది.

రెండు చోట్లా చిక్కు ఒకటే. ప్రోగ్రాము రాసినవాడు దానికి పరీక్ష కూడా తానే ఊహించి పెడతాడు. తనకు తోచిన విలువలు ఇస్తాడు, తోచిన తప్పులు వెతుకుతాడు. తనకు తోచనివాటిని ఎవరివ్వాలి? ఫలానా పద్ధతి వాడి ఉంటే ఆ రాకెట్లు నిలిచేవని ఇప్పుడు చెప్పడం తేలిక, అది న్యాయం కూడా కాదు. కానీ ఆ ప్రశ్నకు ఒక వింత జవాబు పీఎస్ఎల్‌వీ లేవడానికి అయిదేళ్ల ముందే దొరికింది. దొరికింది కూడా ఒక గాలివాన పుణ్యాన.

1988 శరదృతువు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ నగరం. అక్కడి విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చెప్పే బార్టన్ మిల్లర్ ఆ రాత్రి తన ఇంటినుంచి టెలిఫోను లైను మీదుగా యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థతో నడిచే యూనివర్సిటీ కంప్యూటరులో పనిచేసుకుంటున్నాడు. బయట ఉరుములు, మెరుపులు. మెరిసినప్పుడల్లా లైనులో రొద. ఆయన ఒక అక్షరం కొడితే మధ్యలో సంబంధంలేని అక్షరాలు నాలుగు దూరేవి. రొద దూరేలోపు ఆదేశం పూర్తి చేయాలని ఆయన పంతం పట్టి టైపు చేస్తున్నాడు.

అక్షరాలు చెడిపోవడం ఆయనకు వింతగా అనిపించలేదు. టెలిఫోను లైనంటే అంతే. వింతల్లా ఏమిటంటే, ఆ చెత్త అక్షరాలు అందుకున్న ప్రోగ్రాములు "ఇది నాకు అర్థం కాలేదు" అని చెప్పి ఊరుకోకుండా కుప్పకూలిపోతున్నాయి. అవి ఎవరో కొత్తగా నేర్చుకునేవాళ్లు రాసినవి కావు. ప్రపంచమంతా రోజూ వాడే యూనిక్స్ పనిముట్లు. విసుక్కుని కంప్యూటరు కట్టేసి పడుకోవలసిన రాత్రి అది. చాలామంది అదే చేసి ఉండేవాళ్లు. మిల్లర్ మాత్రం ఆ విసుగును ప్రశ్నగా మార్చుకున్నాడు. మెరుపు చేసే పనిని మనమే కావాలని చేస్తే ఎన్ని ప్రోగ్రాములు నిలుస్తాయి?

తను పాఠం చెప్పే తరగతిలో దాన్ని ఒక ప్రాజెక్టుగా ఇచ్చాడు. అడ్డదిడ్డమైన అక్షరాలు పుట్టించే ఒక ప్రోగ్రాము రాయాలి, వాటిని యూనిక్స్ పనిముట్లకు తినిపించాలి, ఏవి కూలతాయో చూడాలి. దానికాయన పెట్టిన పేరు 'ఫజ్'. మూడు జట్లు ముందుకొచ్చాయి. రెండు జట్లు ఒక్క ప్రోగ్రామునూ కూల్చలేక వట్టి చేతులతో వచ్చాయి. కథ అక్కడితో ముగిసిపోయి ఉండేది. మూడో జట్టులో ఉన్న లార్స్ ఫ్రెడ్రిక్సెన్, బ్రయాన్ సో అనే ఇద్దరు మాత్రం ప్రోగ్రాము రాయడంలోనూ, ప్రయోగం జాగ్రత్తగా చేయడంలోనూ దిట్టలు. వాళ్లు తెచ్చిన ఫలితాలు చూసి గురువే ఆశ్చర్యపోయాడు. ఏడు రకాల యూనిక్స్‌ల మీద దాదాపు 90 ప్రోగ్రాములను పరీక్షిస్తే, ఒక్కో యూనిక్స్‌లో పాతిక శాతం నుంచి మూడోవంతు దాకా కూలిపోయాయి, లేదా కదలకుండా బిగుసుకుపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1988 నవంబరు 2న, మోరిస్ పురుగు అనే హానికర ప్రోగ్రాము ఇంటర్నెట్ మీద పడింది. వేల కంప్యూటర్లు స్తంభించాయి. అది లోపలికి దూరిన దారుల్లో ఒకటి, ఎంత పొడుగు వాక్యం వచ్చినా కొలవకుండా మింగేసే ఒక సీ భాషా ఫంక్షన్. దాని పేరు 'గెట్స్'. మిల్లర్ శిష్యులు కూల్చిన ప్రోగ్రాముల్లోనూ అదే తరహా తప్పులు కనిపించాయి. అంటే కూలడం ఒక్కటే ముప్పు కాదు. ప్రోగ్రాము కూలిన చోట దొంగ దూరగలడు. 'గెట్స్'ను సీ భాష ప్రమాణం నుంచి తీసేయడానికి 2011 దాకా పట్టింది!

1990 డిసెంబరులో వాళ్ల వ్యాసం అచ్చయింది. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, మూతి విరిచినవాళ్లూ ఉన్నారు. పరీక్షకు ఒక సిద్ధాంతం ఉండాలి, క్రమం ఉండాలి, గుడ్డిగా అక్షరాలు విసరడం కూడా శాస్త్రమేనా అన్నారు పండితులు. మిల్లర్ వాళ్లతో వాదనకు దిగలేదు. తప్పుల జాబితా, పరీక్ష ప్రోగ్రాము, అన్నీ ఎవరికి కావాలంటే వాళ్లకు ఉచితంగా ఇచ్చేశాడు. కంపెనీలు చూసి దిద్దుకుంటాయని ఆశ.

1995లో ఆయన బృందం మళ్లీ అదే పరీక్ష పెట్టింది. వచ్చిన ఫలితం నా దృష్టిలో మొదటి పరీక్ష ఫలితంకంటే ముఖ్యమైనది. 1990లో తాము చెప్పిన తప్పుల్లో దాదాపు 40 శాతం, అక్షరం మారకుండా అలాగే ఉన్నాయి. పెద్ద కంపెనీల యూనిక్స్‌లలో 15 నుంచి 43 శాతం ప్రోగ్రాములు కూలాయి. ఎవరికి వారు స్వచ్ఛందంగా రాసి పంచుకునే లినక్స్ పనిముట్లలో 9 శాతం, గ్నూ పనిముట్లలో ఆరేడు శాతం మాత్రమే. డబ్బు పెట్టి కొన్న సరుకుకంటే ఉచితంగా వచ్చినదే గట్టిగా ఉందని తేలడం అప్పట్లో చిన్న దుమారం కాదు.

తప్పు ఎక్కడుందో చెప్పినా ఎందుకు దిద్దలేదు? బద్ధకం అనేయవచ్చు. కానీ ప్రోగ్రామర్ల రోజువారీ బతుకు తెలిసినవాళ్లు అంత తేలిగ్గా అనరు. పరీక్ష పెట్టింది బయటివాళ్లు. ఎప్పుడో ఒకసారి పెట్టారు. ఫలితం ఒక జాబితాగా వచ్చింది. ఈలోపు ప్రోగ్రాము రోజూ మారుతూనే ఉంది, ఒక తప్పు దిద్దే లోపు రెండు కొత్తవి చేరుతున్నాయి. రోజూ మారే దానికి పరీక్షా రోజూ ఉండాలి. రోజూ జరగాలంటే, రాసిన ప్రోగ్రామును కంప్యూటరుకు అర్థమయ్యే రూపంలోకి మార్చి, కూర్చి, పరీక్షించి బయటికి పంపే యంత్రాంగం ఉంటుందే, ప్రోగ్రామర్లు 'బిల్డ్' అనేది, దానిలోనే ఈ పరీక్ష భాగం కావాలి. ఆ మాట తేలడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

ఈలోపు ప్రయత్నాలు జరగలేదని కాదు. ఫిన్లాండులోని ఊలూ విశ్వవిద్యాలయంలో నెట్‌వర్క్ సందేశాలను పద్ధతిగా వంకర్లు తిప్పి పంపే పరిశోధన సాగింది. మైక్రోసాఫ్ట్‌లో పాట్రీస్ గోడ్‌ఫ్రాయ్ బృందం 'సేజ్' అనే పరికరం చేసింది. ప్రోగ్రాము ఏ షరతు దగ్గర ఎటు తిరుగుతుందో గణితంతో లెక్కగట్టి, రెండో వైపు తిరిగేలా కొత్త ఫైలు తయారుచేస్తుందది. విండోస్-7 తయారీలో ఫైళ్లను ఫజ్ చేసి పట్టుకున్న తప్పుల్లో మూడోవంతు సేజ్ చలవే. కాకపోతే అది పెద్ద కంపెనీ సొంత ప్రయోగశాలలో, యంత్రాల గుంపు మీద రాత్రీ పగలూ నడిచే వ్యవహారం. ఇంట్లో కూర్చుని రాసుకునే మామూలు ప్రోగ్రామరుకు అందే పండు కాదు.

అందేలా చేసినవాడు మిహావ్ జలెవ్‌స్కీ అనే పోలండు దేశస్థుడు. 2013లో ఆయన బయటపెట్టిన పరికరం పేరు ఏఎఫ్ఎల్. ఒక జాతి కుందేలు పేరులోని పొడి అక్షరాలవి. గణితం జోలికి ఎక్కువ పోకుండా ఆయన పట్టుకున్న చిట్కా ఇది. చిత్తూరు జిల్లాలో బోర్లు వేయించినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పొలంలో తోచిన చోటల్లా బోరు వేస్తే అప్పులే మిగులుతాయి. వేసిన చోట కాస్త చెమ్మ మట్టి వస్తే మాత్రం అక్కడే ఇంకాస్త లోతుకు పోతారు. మిల్లర్ పద్ధతి తోచిన చోటల్లా వేయడం. జలెవ్‌స్కీ పద్ధతి చెమ్మ చూసి లోతుకు పోవడం. ప్రోగ్రామును కంపైల్ చేసేటప్పుడే, అంటే కంప్యూటరుకు అర్థమయ్యే రూపంలోకి మార్చేటప్పుడే, దాని ప్రతి మలుపులోనూ ఒక చిన్న గుర్తు నాటుతారు. చెత్త ఫైలు ఒకటి ఇచ్చినప్పుడు ప్రోగ్రాము ఇంతకుముందు తిరగని మలుపు తిరిగిందా, ఆ ఫైలును దాచుకుంటారు. దాన్నే మళ్లీ కొంచెం మార్చి ఇస్తారు. తిరగకపోతే పారేస్తారు. సెకనుకు వందలు, వేలసార్లు.

గుర్తు నాటాలంటే మామూలు కంపైలర్ బదులు ఏఎఫ్ఎల్ కంపైలర్ వాడాలి. బిల్డ్ ఫైలులో ఒక్క పేరు మారిస్తే చాలు. పరీక్ష బిల్డ్ గడప తొక్కింది ఇలా, చాలా సాదాగా.

2014 నవంబరులో జలెవ్‌స్కీ ఒక సరదా ప్రయోగం చేశాడు. జేపెగ్ బొమ్మలను చదివే ప్రోగ్రాముకు మొదటి ఫైలుగా ఇంగ్లిషులో 'హలో' అన్న మాట ఒక్కటే ఉన్న ఫైలు ఇచ్చి వదిలేశాడు. అది బొమ్మ కాదు, బొమ్మ పోలిక కూడా లేదు. ఎనిమిది కోర్ల కంప్యూటరు మీద ఆరు గంటలు గడిచాక ఒక నిజమైన జేపెగ్ బొమ్మ పుట్టింది. మూడు చుక్కల వెడల్పు, 784 చుక్కల ఎత్తు ఉన్న వట్టి బూడిదరంగు పట్టీ. చూడటానికి ఏమీ లేదు. కానీ జేపెగ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే, చెమ్మ వెంట పోతూ పోతూ అది ఆ ఫైలు వ్యాకరణాన్ని తనంతట తాను కనిపెట్టింది!

ఆ ఏడాదే ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడింది. బ్యాంకులనుంచి ఈమెయిళ్ల దాకా రహస్యంగా మాట్లాడుకోవడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో ఒక తప్పు. అవతలివాడు "నేను పంపిన మాట ఇంత పొడుగు" అని అబద్ధమాడితే, సర్వరు నమ్మేసి తన జ్ఞాపకంలోని పక్క సమాచారాన్ని కూడా కలిపి పంపేసేది. రెండేళ్లకు పైగా అందరి కళ్లముందే ఉంది. గూగుల్‌లోని నీల్ మెహతా, ఫిన్లాండుకు చెందిన కోడెనోమికాన్ సంస్థవారు విడివిడిగా దాన్ని పట్టుకున్నారు. మరుసటి ఏడాది హానో బ్యోక్ అనే జర్మన్ విలేకరి పాత ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ను ఏఎఫ్ఎల్‌కు అప్పగిస్తే, సుమారు ఆరు గంటల్లో అదే తప్పు దొరికింది.

దొరకడానికి ఇంకో తోడు కావలసి వచ్చింది. హార్ట్‌బ్లీడ్ లాంటి తప్పులో ప్రోగ్రాము కూలదు. తనది కాని చోట తొంగిచూసి ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది. అలా హద్దు దాటిన క్షణంలోనే పట్టుకుని ఆపేసే 'అడ్రస్ శానిటైజర్'ను 2012 నాటికే గూగుల్‌లో కాన్‌స్టాంటిన్ సెరెబ్ర్యానీ బృందం తయారుచేసింది. ఇదీ కంపైల్ చేసేటప్పుడు కలిపేదే. చెత్త విసిరేది ఒకటి, హద్దు కాచేది ఒకటి. రెండూ బిల్డ్‌లోనే కలిశాక పని మారిపోయింది.

అయినా నమ్మనివాళ్లు ఉంటారుగా. ఎస్‌క్యూలైట్ సంగతి చూడండి. మీ జేబులోని ఫోనులో ఇప్పుడు కూడా నడుస్తున్న డేటాబేస్ అది. దాన్ని రాసిన రిచర్డ్ హిప్ బృందం పరీక్షల విషయంలో మహా పట్టుదల గలది. ప్రోగ్రాములోని ప్రతి మలుపునూ రెండు వైపులా పరీక్షించామని నిరూపించుకున్నవాళ్లు. 2015లో జలెవ్‌స్కీ దానిమీద ఏఎఫ్ఎల్ వదిలితే 22 చోట్ల కూలింది. హిప్ నొచ్చుకోలేదు. ఆయన బృందం చేసిన పని ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం. ఫజింగ్‌లో, అంటే ఈ చెత్త ఫైళ్ల వేటలో, దొరికిన ఆసక్తికరమైన ఫైళ్లన్నిటినీ భద్రంగా పోగేసి, బిల్డ్ చేసి పరీక్షించినప్పుడల్లా వాటన్నిటినీ తిరిగి నడిపే ఒక చిన్న ప్రోగ్రామును తమ మామూలు పరీక్షల్లోనే కలిపేశారు.

ఎందుకు గొప్పంటే, బిల్డ్‌లో ఫజింగ్ కలపాలనుకున్నవాళ్లందరినీ వేధించిన చిక్కుముడి అక్కడ విడిపోయింది. మామూలు పరీక్షకు ముగింపు ఉంటుంది, పాసో ఫెయిలో చెబుతుంది. ఫజింగ్‌కు ముగింపు లేదు. ఎంతసేపు నడిపితే అంతసేపు నడుస్తుంది. పైగా దాని అదృష్టం రోజుకొక రకం. నిన్న పాసైన బిల్డ్ ఇవాళ ఫెయిలవుతుంది, అదీ మీరు ముట్టుకోని పాత తప్పు వల్ల. ఒక అక్షరం దిద్దినవాడు ఎవరిదో పాపం మోయాలి. అలా నాలుగుసార్లు జరిగితే ఎవరైనా ఫజింగ్‌ను బిల్డ్‌నుంచి పీకేస్తారు, పీకేశారు కూడా. మందు ఏమిటంటే పనిని విడగొట్టడం. ఇదివరకే దొరికిన ఫైళ్లు ప్రతి బిల్డ్‌లో నడవాలి. అది నిమిషాల పని, ఫలితం ఎప్పుడూ ఒకటే. కొత్త మార్పు కలిపేముందు కొద్ది నిమిషాల వేట. అంతులేని వేట మాత్రం వేరే యంత్రాల మీద, బిల్డ్‌ను ఆపకుండా.

ఆ అంతులేని వేటకు యంత్రాలు ఎవరిస్తారు? క్రోమ్ బ్రౌజరు కోసం గూగుల్ ముందే 'క్లస్టర్‌ఫజ్' అనే యంత్రాల గుంపును నడుపుతోంది. హార్ట్‌బ్లీడ్ గుణపాఠంతో, 2016 డిసెంబరులో దాన్ని లోకమంతా వాడే ఉచిత ప్రోగ్రాములకూ తెరిచింది. దాని పేరు ఓఎస్ఎస్-ఫజ్. ప్రకటించేటప్పుడే వాళ్లొక ఉదాహరణ చెప్పారు. అక్షరాలను తెరమీద గీసే ఫ్రీటైప్ అనే ప్రోగ్రాములో ఎవరో ఒక మార్పు చేశారు. కొన్ని గంటల్లో యంత్రం అందులో హద్దు దాటే తప్పు పట్టుకుంది. తానే కబురు పంపింది. నిర్వాహకుడు దిద్దాడు. దిద్దుబాటు సరైనదేనని యంత్రమే తేల్చింది. అంతా ఒక్క రోజులో. 1990లో చెప్పిన తప్పు 1995లోనూ అలాగే ఉన్న లోకం నుంచి మనం ఇక్కడికి వచ్చాం.

ఆ తర్వాత నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఫజ్ చేసే చిన్న ఫంక్షన్‌ను మొదట్లో కొందరు వేరే చోట దాచేవాళ్లు. అసలు ప్రోగ్రాము మారినప్పుడు అది మారేది కాదు, కొన్నాళ్లకు బిల్డే అయ్యేది కాదు. అందుకని అది అసలు ప్రోగ్రాము పక్కనే, అదే బిల్డ్ ఫైళ్లలో ఉండటమే మేలన్నది ఇప్పటి సలహా. 2022 మార్చిలో గో అనే ప్రోగ్రామింగ్ భాష ఒక అడుగు ముందుకేసి, ఫజింగ్‌ను తన మామూలు పరీక్ష ఆదేశంలోనే చేర్చేసింది.

కథలో ఒక దొంగ కూడా ఉన్నాడు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ అనే ప్రోగ్రాములోకి, జియా టాన్ అన్న పేరుతో ఒకరు ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించుకుని చేరారు. 2023లో ఆ పేరుమీద ఓఎస్ఎస్-ఫజ్‌కు ఒక చిన్న విన్నపం వచ్చింది. ఫజింగ్ బిల్డ్‌లో ఫలానా సౌకర్యం ఆపేయండి, ఇబ్బందిగా ఉంది అని. వినడానికి మామూలు కోరికే, ఆమోదించేశారు. 2024 ఫిబ్రవరిలో ఎక్స్‌జడ్ కొత్త విడుదలలో దొంగ తలుపు చేరింది. దాన్ని ప్రోగ్రాములోకి కలిపింది బిల్డ్ స్క్రిప్టే, ఆ తలుపు వాడుకున్నది ఆ ఆపేయించిన సౌకర్యాన్నే. మార్చి 29న దాన్ని బయటపెట్టింది ఏ యంత్రమూ కాదు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని విసుక్కోకుండా తవ్వి చూసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు. మిల్లర్‌కు వారసుడంటే నేను ఆయన్నే చూపిస్తాను.

2023 ఆగస్టు నాటికి ఓఎస్ఎస్-ఫజ్ వెయ్యి ప్రాజెక్టుల్లో 10,000కు పైగా భద్రతా లోపాలనూ, 36,000 ఇతర తప్పులనూ పట్టించి దిద్దించింది. 2024లో, ఫజ్ ఫంక్షన్లు రాసే పని కృత్రిమ మేధకు అప్పగిస్తే, అన్నేళ్లుగా పరీక్షిస్తున్న ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోనే దాదాపు రెండు దశాబ్దాల నాటిదని చెప్పిన తప్పు ఒకటి బయటికొచ్చింది.

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలోనో, ఏర్పేడు ఐఐటీలోనో, చిత్తూరు చుట్టుపక్కల ఏ ఇంజినీరింగు కాలేజీలోనో ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ఇది చదువుతుంటే వాళ్లకు ఒక మాట. క్లాంగ్ కంపైలర్ ఉచితం, దానిలోనే లిబ్‌ఫజర్ ఉంది, ఏఎఫ్ఎల్ కొత్త రూపమూ ఉచితమే. మీ ప్రోగ్రాము బయటినుంచి ఏ ఫైలునో, ఏ సందేశాన్నో చదువుతుంటే, ఆ చదివే ఫంక్షన్‌ను పిలిచే పది లైన్లు రాయండి. శానిటైజర్ కలిపి బిల్డ్ చేసి రాత్రికి వదిలేయండి. పొద్దున కూలిన ఫైలు దొరికితే తప్పు దిద్దడంతో ఆపకండి. ఆ ఫైలును మీ పరీక్షల ఫోల్డర్లో పెట్టి, ప్రతి బిల్డ్‌లో నడిచేలా చేయండి.